ఒక గ్లాసు పెసలు

రక్తపోటు, మధుమేహం, పక్షవాతం, మూత్రపిండాల వ్యాధులు... ఇన్నాళ్లూ మీకు ఇటువంటి విషయాలనే వివరిస్తూ వచ్చాను. నేడు పెసరట్టు గురించి వ్రాస్తున్నాను. పొరపాటున వంటల పేజీ తెరిచామేమోనని సందేహించకండి. ఇది కూడా వైద్య విషయమే. పైగా ఇందులో నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది.

నేను ముప్పై నాలుగు సంవత్సరాలు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. పదవీ విరమణ చేసిన పదమూడేళ్లకు, డెబ్బై ఒకటవ యేట, మొదటిసారి పెనం ముందు నిలబడ్డాను. అంతవరకు మా ఇంట్లో అట్టు ఎలా తయారవుతుందో నాకు తెలియదు. పళ్లెంలోకి వచ్చేది, తినేవాడిని. అయినా ఆ ముప్పై నాలుగేళ్లలో ఏం తినాలో, ఏం తినకూడదో కొన్ని వేలమందికి చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత నావంటి వారిని చూసే పుట్టి ఉంటుంది.

1991 ప్రాంతంలో గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉండేవాడిని. ఉదయం ఎనిమిది గంటలకే వరండా నిండిపోయేది. ఒక్కొక్క రోగికి రెండు మూడు నిమిషాలు కేటాయించగలిగితే అదే గొప్ప. ఒకనాడు నలభై అయిదేళ్ల వ్యవసాయ కూలీ ఒకామె వచ్చింది. అతిమూత్రం, దాహం, బరువు తగ్గడం. పరీక్షలో మధుమేహం అని తేలింది. గ్లైబెన్‌క్లమైడ్ మాత్రలు వ్రాసి, రోజూ ఉదయం ఒకటి వేసుకోమన్నాను. "అన్నం తగ్గించు, తీపి మానెయ్యి, నూనె సరుకులు ముట్టుకోకు" అని చెప్పాను.

ఆమె లేచి వెళ్లలేదు. "మరి పొద్దున్నే ఏం తినమంటారు బాబుగారూ? ఎట్టా వండుకోమంటారు?" అని అడిగింది.

నావద్ద సమాధానం లేదు. లేదని కూడా అప్పుడు నాకు తెలియదు. "చెప్పాను గదమ్మా" అని తరువాతి రోగిని పిలిచాను.

వారం గడిచాక పదకొండు గంటల వేళ ఆమెను నులకమంచం మీద మోసుకువచ్చారు. నాట్లు వేస్తూ చేలో పడిపోయిందట. ఒళ్లంతా చెమట, చల్లని చర్మం, పిలిస్తే పలుకు లేదు. రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. నరంలోకి 25 శాతం గ్లూకోజు ద్రావణం ఎక్కిస్తూండగానే కళ్లు తెరిచింది. ఈ మాత్ర ప్రభావం చాలాసేపు నిలుస్తుంది గనుక, తేరుకున్నారని వెంటనే ఇంటికి పంపకూడదు. ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచి గంటగంటకు చూసుకున్నాము.

జరిగింది ఏమిటంటే, ఆమె నా మాట అక్షరాలా పాటించింది. అన్నం తగ్గించమన్నాను గనుక పొద్దున తినే చద్దన్నం పూర్తిగా మానేసింది. దానికి బదులు ఏం తినాలో నేను చెప్పలేదు గనుక ఏమీ తినలేదు. మాత్ర మాత్రం తప్పకుండా వేసుకుని, ఖాళీ కడుపుతో పొలానికి వెళ్లి నడుము వంచింది. "నేనేమైనా తప్పు చేశానా బాబుగారూ?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. తప్పు నాదని చెప్పేంత నిజాయితీ ఆనాడు నాకు లేదు. ఈనాడు చెబుతున్నాను.

ఆ తరువాత మూడు దశాబ్దాలు గడిచాయి. నాకూ మధుమేహం వచ్చింది. అప్పటికి వంటిల్లు పూర్తిగా నా శ్రీమతి చేతిలో ఉండడం వలన నాకు ఇబ్బంది కలగలేదు. 2021లో ఒక ఉదయం ఆమెకు కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట తడబడింది, మూతి ఒక ప్రక్కకు వంగింది. ఆ మూడు లక్షణాలలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనిపించినా నిమిషం జాప్యం చేయరాదని ఇదివరకే మీకు వ్రాశాను. మస్తిష్క రక్తనాళంలో గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది. మేము సకాలంలోనే చేరుకున్నాము. ఆమె నిలబడింది, నడిచింది, మాట తిరిగి వచ్చింది. కుడి చేతి వేళ్లకు మాత్రం పూర్వపు బలం రాలేదు.

కొన్ని వారాలు హోటల్ నుంచి ఉపాహారం తెప్పించుకున్నాము. అట్టు తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరులో నా చక్కెర 248 చూపింది. మాలో చాలామంది పెద్దలకు అది 180 లోపు ఉండాలంటాము. మా అమ్మాయి జాలిపడి తక్షణ అట్ల పిండి పొట్లాలు తెచ్చి పెట్టింది. నీళ్లు కలిపి పోస్తే చాలు. కళ్లద్దాలు పెట్టుకుని పొట్లం వెనుక అక్షరాలు చదివాను. మీరు కూడా ఈ అలవాటు చేసుకోండి. అక్కడ పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు వ్రాయాలి. నా చేతిలోని పొట్లంలో మొదటి పేరు బియ్యప్పిండి. పప్పు తరువాత ఎక్కడో ఉంది. సోడియం కూడా చూసుకోవాలి. ఒక గ్రాము సోడియం అంటే దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

పొట్లం ప్రక్కన పెట్టి, "నేనే చేస్తాను, నువ్వు చెప్పు" అన్నాను. ఆమె నమ్మలేదు. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ముందు రాత్రి ఆమె చెప్పిన ప్రకారం, 150 గ్రాములు పట్టే గ్లాసుతో పొట్టు తీయని పెసలు కొలిచి, రాళ్లు ఏరి, కడిగి నానబెట్టాను. అట్టు కాస్త కరకరలాడడానికి రెండు చెంచాల బియ్యం అందులోనే వేశాను. ఆరు గంటల నాన చాలు. వేసవిలో రాత్రంతా ఉంచితే వాసన పట్టవచ్చు గనుక గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. ఉదయం ఆ నీళ్లు పారబోయమంది. కడుపు ఉబ్బరం కలిగించే కొన్ని చక్కెరలు, ఇనుము వంటి ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు కొంతవరకు ఆ నీళ్లతోనే పోతాయని నేను చదువుకున్నాను. ఆమె చదువుకోలేదు, కాని నలభై అయిదేళ్లుగా పారబోస్తూనే ఉంది.

అంగుళం అల్లం ముక్క, మూడు పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్రతో కలిపి మిక్సీలో వేశాను. తొందరపాటు మనిషిని గదా, నీళ్లు ఒకేసారి గ్లాసెడు పోశాను. పిండి మజ్జిగలా తయారైంది. "నీళ్లు పోయడం తేలికేనండీ, తీయడమే కష్టం" అంది. పెసర పిండికి నీళ్లు చెంచా చెంచాగా చేర్చుకోవాలి. గరిటెతో తీసి వంచితే ధారగా కాక, ముద్దలు ముద్దలుగా బరువుగా జారాలి. మరీ మెత్తగా కూడా రుబ్బరాదు. వేళ్ల మధ్య సన్నని రవ్వ తగలాలి. దీనికి వైద్యపరమైన కారణం కూడా ఉంది. గింజ ఎంత మెత్తగా నలిగితే అందులోని పిండిపదార్థం అంత త్వరగా జీర్ణమై చక్కెరగా మారుతుంది.

మినప పిండిలాగా దీన్ని పులియబెట్టనక్కర లేదు. రుబ్బిన వెంటనే పోసుకోవచ్చు. ఉప్పు పోసే ముందు కలుపుకుంటే చాలు. సోడా అవసరమే లేదు.

తరువాత పెనం. నేను మంట పెద్దది చేసి, పొగ వచ్చేవరకు కాల్చాను. గరిటెడు పిండి పోసి తిప్పబోతే పిండి మొత్తం గరిటెకే చుట్టుకుని వచ్చింది. రెండవది అతుక్కుపోయింది. అట్లకాడతో గీకితే ముక్కలుగా లేచింది. ఆమె నవ్వింది. జబ్బు చేసిన తరువాత ఆమె గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. "మొదటి అట్టు పెనానికే లెండి" అని, నాలుగు నీటి చుక్కలు చిలకరించి చూడమంది. చుక్కలు పెనం మీద గుండ్లలా దొర్లుతూ పరుగెత్తితే వేడి మితిమీరినట్లు. కదలకుండా నిలిచి ముడుచుకుపోతే చాలనట్లు. చుయ్యిమని వెంటనే ఆవిరైపోతే అదే సమయం. అప్పుడు సగానికి కోసిన నీరుల్లిపాయను నూనెలో అద్ది పెనమంతా రుద్దాలి. పిండి పోసేటప్పుడు మంట తగ్గించి, మధ్య నుంచి బయటికి, గరిటె అడుగుతో నొక్కకుండా తిప్పాలి. తిప్పిన తరువాత మంట పెంచాలి. సన్నగా తరిగిన నీరుల్లిపాయ ముక్కలు చల్లి, అంచుల వెంట చెంచాడు నూనె వేయాలి. అంచు తనంతట తాను లేచే వరకు అట్లకాడ ముట్టుకోకూడదు. నా లోపం అంతా అక్కడే ఉంది. వేచి ఉండడం నాకు చేతకాదు.

ఇలా పెనంతో కుస్తీ పడుతూండగా నా చేతులు వణకసాగాయి. నుదుటిపై చెమట పట్టింది. పొయ్యి వేడి అనుకున్నాను. గరిటె జారి క్రింద పడింది. ఏదో చిరాకు, ఎవరిమీదనో తెలియని కోపం. శ్రీమతి కుర్చీలోంచి తేరిపార చూసి, "ఏమండీ, మీరు మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది.

వేసుకున్నాను. ఏడున్నరకు, అలవాటు ప్రకారం. అప్పటికి సమయం తొమ్మిది కావస్తోంది. నేను వాడుతున్న గ్లిమెపిరైడ్ కూడా ఆనాటి గ్లైబెన్‌క్లమైడ్ కుటుంబానికి చెందినదే. గ్లూకోమీటరు 58 చూపింది. 70 కంటె తగ్గితే వెంటనే చర్య తీసుకోవాలి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని త్రాగి కూర్చున్నాను. పదిహేను నిమిషాల తరువాత చూస్తే 84కు చేరింది. అప్పుడే మూడవ అట్టు పోసి, అతుకుల బొంతలా ఉన్నా తినేశాను.

ఆ పదిహేను నిమిషాలు కుర్చీలో కూర్చుని ఉండగా, నులకమంచం మీద వచ్చిన ఆ తల్లి నాకు గుర్తుకు వచ్చింది. నా ఇంట్లో ఫ్యాను ఉంది, చక్కెర డబ్బా చేతికందే దూరంలో ఉంది, నా ముఖం చూసి పసిగట్టగల మనిషి ఎదురుగా ఉంది. ఆమె బురదచేలో, ఎండలో, ఒంటరిగా ఆ వణుకును భరించి ఉంటుంది. ఆమె అడిగిన ప్రశ్నకు ముప్పై ఏళ్ల తరువాత నాకు సమాధానం దొరికింది. అది వైద్య గ్రంథంలో కాదు, మా వంటింటి గుమ్మం దగ్గర దొరికింది.

పెసరట్టునే ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు వివరిస్తాను. వంద గ్రాముల పెసలలో సుమారు 22 నుంచి 24 గ్రాముల మాంసకృత్తులు, 16 గ్రాములకు పైగా పీచు ఉంటాయి. అంతే తూకం తెల్లబియ్యంలో మాంసకృత్తులు 7 లేక 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. పీచు, మాంసకృత్తులు కలసి జీర్ణక్రియను నెమ్మదింపజేస్తాయి గనుక చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఒక గ్లాసు పెసలకు ఆరు అట్లు వస్తాయి. అంటే ఒక్కొక్క అట్టులో 25 గ్రాముల పెసలు. రెండు అట్లు తింటే 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు చేరతాయి. నూనెతో కలిపి సుమారు 250 కాలరీలు. ఇప్పుడు నేను రెండు అట్లు తిన్న రెండు గంటలకు చక్కెర 160 ప్రాంతంలో ఉంటోంది. ఇది నా ఒంటి లెక్క. మీ లెక్క మీ గ్లూకోమీటరు చెప్పాలి.

అయితే మంచి పదార్థాన్ని చెడగొట్టడం కూడా మనకు బాగా తెలుసు. చెంచాడు నూనె 40 కాలరీలు. హోటళ్లలో అట్టు చుట్టూ ధారగా పోసేది మూడు నాలుగు చెంచాలు ఉంటుంది. పెసరట్టులో ఉప్మా పెట్టి, దానికి ఎమ్మెల్యే పెసరట్టు అని పేరు పెట్టుకున్నాము. రుచిలో లోపం లేదు, కాని పప్పు అట్టులో గోధుమరవ్వను చుట్టుకుని తింటున్నామని మరువరాదు. మధుమేహం ఉన్నవారు దానిని పండుగకు ఉంచుకోవాలి. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది. అట్టుకు చెంచాడు చాలు, గిన్నెడు వద్దు. పచ్చడిలో ఉప్పు కూడా చూసుకోవాలి. ఒంటికి మనం చేసిన దానికి ఒళ్లు అట్టుకు అట్టున్నర పెడుతుంది. మంచి చేసినా అంతే, చెడు చేసినా అంతే.

మరికొన్ని జాగ్రత్తలు చెప్పడం నా బాధ్యత. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పుధాన్యాలలోని మాంసకృత్తులు, పొటాషియం తమకు ఎంతవరకు తగునో వైద్యులను అడిగి తెలుసుకోవాలి. పక్షవాతం వచ్చినవారికి మ్రింగడంలో ఇబ్బంది ఉండవచ్చు. కరకరలాడే ముక్క గొంతుకు అడ్డుపడి ఊపిరితిత్తులలోకి పోతే ప్రమాదం. నా శ్రీమతికి తొలి నెలలలో అట్టు పెట్టలేదు. మ్రింగే శక్తిని వైద్యులు పరీక్షించి అనుమతించిన తరువాత, బియ్యం కలపకుండా దళసరిగా, మూత పెట్టి, మెత్తగా కాల్చి, చిన్న ముక్కలు చేసి, నిటారుగా కూర్చోబెట్టి పెట్టాను. పిండి మిగిలితే ఫ్రిజ్‌లో ఉంచి మరునాటికల్లా వాడేయండి. పొయ్యి ప్రక్కన రోజంతా ఉంచిన పిండిలో మనకు కనిపించని సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. మధుమేహానికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతున్నవారు ఆహారం తగ్గించుకునే ముందు మీ వైద్యునితో మాట్లాడండి. మందు వేసుకుని భోజనం ఆలస్యం చేయకండి. నావలె పిండి పెనం మీద పడకముందే మాత్ర మ్రింగకండి. అట్టు పళ్లెంలోకి వచ్చాక మాత్ర సంగతి చూసుకోండి. వణుకు, చెమట, గుండెదడ, అకారణమైన చిరాకు కలిగితే పరీక్షించుకునే సాధనం లేకపోయినా సరే, మూడు చెంచాల చక్కెర తీసుకోండి. స్పృహ తప్పిన వారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. ఆసుపత్రికి చేర్చండి.

నా యువ వైద్య మిత్రులు కొందరు ఈ వ్యాసాలు చదువుతారని తెలుసు. వారికి ఒక విన్నపం. ఏది మానాలో చెప్పినప్పుడు, దానికి బదులు ఏది తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో కూడా చెప్పండి. మీకు తెలియకపోతే మీ ఇంట్లో వండేవారిని అడగండి. ఆనాటి ఆ తల్లికి నేను చెప్పవలసింది చాలా తక్కువ. "అమ్మా, రాత్రి పడుకునే ముందు గుప్పెడు పెసలు నానబొయ్యి. పొద్దున్నే రుబ్బి రెండు అట్లు పోసుకో. అవి తింటూ మాత్ర వేసుకో. అప్పుడు చేలోకి వెళ్లు. కొంగున బెల్లం ముక్క కట్టుకో." అర నిమిషం కూడా పట్టదు. పెసలు కొనలేని రోజున చద్దన్నమే కాస్త తగ్గించి, మజ్జిగతో తినమని చెప్పినా సరిపోయేది.

ఆమె ఆ తరువాత కొన్నాళ్లు ఆసుపత్రికి వచ్చింది. మాత్ర మోతాదు సగానికి తగ్గించాను. కొంతకాలానికి నాకు బదిలీ అయింది.

ఇప్పుడు మా ఇంట్లో వారానికి మూడు రోజులు పెసరట్టే. పిండి నేను రుబ్బుతాను, నేనే పోస్తాను. పెనం వేడి మాత్రం ఇప్పటికీ ఆమెనే అడుగుతాను. ఈమధ్య ఒక ఉదయం కుర్చీ పొయ్యి దగ్గరకు జరిపించుకుని, అట్లకాడ కుడిచేతిలోనే పట్టుకుని, ఎడమచేతిని ఆసరాగా పెట్టి, ఒక అట్టు తిరగవేసింది. సగం మడత పడింది. అది నాకే పెట్టమన్నాను.

ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక గ్లాసు పెసలు కడిగి నానబెట్టండి. ఇంతవరకు వంటింట్లోకి అడుగు పెట్టని పురుషులకు ముఖ్యంగా చెబుతున్నాను. అవసరం వచ్చాక నేర్చుకోవడం కంటె, నేర్పేవారు నవ్వుతూ ప్రక్కన ఉన్నప్పుడే నేర్చుకోవడం మేలు.